నూట తొంభై మూడు

కొన్నది ఒక్కటే.
బాల్కనీ కమ్మీకి కట్టిన తెల్లటి డబ్బీ,
కడుపులో రెండు బ్యాటరీలు.
నిమిషానికోసారి చలి ఎంతో చెప్పి
నోరు మూసుకుంటుంది.

దాని మాట వినడానికి
పేకముక్కంత బోర్డు, వేలెడంత రేడియో,
పాత సైకిల్ చక్రం నుంచి పీకి
పదిహేడు సెంటీమీటర్లకు కోసిన చువ్వ.
వెన్న బిస్కట్ల రేకు డబ్బాలో అన్నీ సర్ది
చువ్వ ఒక్కటే బయటికి వదిలాను.

గాలి పుట్టిన ఊరంటారు మా లియెపాయని.
ఊరికి ఉన్న ఒకే ఒక్క ట్రామ్ లైను మీద
పొద్దుటి షిఫ్టు నాది.
పోవడం, రావడం. నాకు తెలియని మలుపు లేదు.

మొదటి రాత్రి
నా డబ్బీ కోసం చెవి పెడితే
బిల్డింగంతా పలికింది.

మైనస్ ఏడు పాయింట్ రెండు. ఇది నాది.
మైనస్ ఆరు. ఎవరిదో గాలి మరుగు బాల్కనీ.
ఇరవై మూడు, తేమ అరవై ఎనిమిది:
తడి బట్టలు ఇంట్లోనే ఆరేసుకున్నారెవరో.
మంచు కూరుకుపోయిన వాన కొలత
సున్నా, సున్నా, సున్నా అని జపం.
రెండు దాటాక ఒక కారు
తన టైర్లలో గాలి ఎంతో చెప్పుకుంటూ వచ్చి ఆగింది.
మూడో అంతస్తు ఆయన
ఎన్నింటికి వచ్చానని ఇంట్లో చెబుతాడో
నాకెందుకు?
టైర్ల లెక్క రాయొద్దని బోర్డుకు ఒక వాక్యం నేర్పాను.
గోడకు చెవి ఆనించలేదు, గాలిలో అరిచింది విన్నానంతే అని
ఎవరూ అడగకముందే జవాబు సిద్ధం చేసుకున్నాను.
సిద్ధం చేసుకున్నానంటేనే
కొంచెం తప్పు ఉన్నట్టు.

ఆ గుంపులో నూట తొంభై మూడు.
పొద్దున నాలుగు డిగ్రీలు. సాయంత్రం నాలుగు.
బాల్కనీ అయితే ఎండకు కదలాలి.
ఫ్రిజ్ అయితే తలుపు తీసినప్పుడల్లా ఉలిక్కిపడాలి.
ఇది కదలదు.
జనవరిలో నాలుగు డిగ్రీల గదిలో ఉన్నదెవరు?
బిల్లుకు భయపడి హీటరు కట్టేసుకున్నారా?
ట్రామ్ నడుపుతుంటే
స్టాపుల పేర్ల మధ్యకి వచ్చి కూర్చునేది ఆ అంకె.

ఆదివారం డబ్బా చంకన పెట్టుకుని మెట్లెక్కాను.
నాలుగో అంతస్తులో దాని గొంతు సన్నగిల్లింది,
ఐదులో పూర్తిగా పోయింది.
దిగేకొద్దీ పెరిగింది.
మా నేల అంతస్తు కూడా దాటి ఇంకా కిందికి,
సెల్లార్లో చెక్క తడికెల అరల వరసలోకి.

పదకొండో అరలో, బల్బు కింద
స్కైద్రీతే గారు బంగాళాదుంపలు ఏరుతున్నారు.
పదహారేళ్లలో నాతో నమస్కారం తప్ప
మాట కలపని మనిషి.
"మీకు చలిగా లేదు కదా?" అన్నాను.
ఆమె నా చంకలో డబ్బా చూసి
బిస్కట్లు తెచ్చాననుకుంది.

విషయం విన్నాక
బస్తాల మధ్య మేకుకు వేలాడుతున్న డబ్బీని చూపించింది.
"ఆరు దాటితే మొలకలొస్తాయి,
రెండుకి దిగితే తియ్యబడి చెడతాయి.
నా మోకాళ్ల కోసమే కొన్నాను దీన్ని.
ఐదో అంతస్తు దాకా అందితేనా!
ఇది పనిచేస్తోందో లేదో చూడ్డానికి
రోజూ దిగుతున్నాను."

ఇద్దరికీ ఒకేసారి నవ్వొచ్చింది.

ఆమె వంటింట్లోకి వెళ్లే హీటింగ్ గొట్టం
నా వంటింట్లోంచే పైకి పోతుంది.
షిఫ్టు దిగి వచ్చాక
చెంచాతో దాని మీద నాలుగు దెబ్బలు.
పైనుంచి ఒకటి: అందింది.
చలి ముదిరిన వారం మూడే కొట్టాను,
కాసేపటికి పాత దుప్పటితో ఆమె మెట్లు దిగుతున్న చప్పుడు.
నేనే ఎదురెళ్లి దుప్పటి అందుకున్నాను.

ఫిబ్రవరిలో నూట తొంభై మూడు
బ్యాటరీ చాలడం లేదని చెప్పింది.
కొత్తవి వేసి వచ్చి చూస్తే
ఆ నంబరు లేదు.
ఎవరో యాభై ఎనిమిది, ఎన్నడూ వినని గొంతు,
నాలుగు డిగ్రీలు అంటోంది.
బ్యాటరీ మారిస్తే
తన పేరు తానే మార్చుకునే జాతి ఇది.
ఫైలులో పాత అంకె కొట్టేసి
ఈసారి అంకె వేయలేదు, దుంపలు అని రాశాను.

బ్యాటరీలకు బదులుగా ఆమె వల సంచి నిండా ఇచ్చింది.
సోవా ఆకు వేసి ఉడికిద్దామని కడుగుతుంటే
ఒకదానికి అప్పటికే
తెల్లటి మొలక.

ఆమెకు చెప్పలేదు.